రుచి చూడని దేవమ్మ, గుడ్డు లేని కేకు

గుమ్మడిదల మండలంలో పేస్ట్రీ మాస్టర్ అనిపించుకున్న మొదటి ఆడమనిషి దేవమ్మ. ఈ ముక్క ముందే చెప్పేయాలి. ఎందుకంటే తర్వాత జరిగినవి వింటే ఎవరికైనా నవ్వొస్తుంది, ఆ నవ్వులో పడి అసలు సంగతి మరిచిపోతారు.

పేస్ట్రీ ఒక్కటే కాదు, ఆమె చేసినవి ఇంకా ఉన్నాయి. పదో తరగతి రెండోసారి రాసి పాసయింది. అదీ లెక్కల్లో అరవై ఒక్క మార్కులతో. కాపురానికి వచ్చిన మూడో ఏట టీవీఎస్ బండి నేర్చుకుని, తమ వాడలో బండి నడిపిన తొలి కోడలయింది. ఆ పైన మందుల కంపెనీలో పదిహేనేళ్ళు ప్యాకింగ్ లైను ముందు నిలబడి, గోలీ లేని స్ట్రిప్పు ఒక్కటంటే ఒక్కటి కూడా డబ్బాలోకి పోనివ్వలేదు. కంపెనీవాళ్ళు మెచ్చుకుని మూడు ప్రశంసాపత్రాలు, రెండు టిఫిన్ క్యారియర్లు, ఒక గోడగడియారం ఇచ్చారు. గడియారం ఇవాళ్టికీ నిమిషం తప్పకుండా నడుస్తోంది.

అలాంటి దేవమ్మకు నలభై నాలుగో ఏట ఒక మిషన్ పోటీకి వచ్చింది. దానికి కెమెరా ఉంది. స్ట్రిప్పులు వరసగా పోతుంటే చూసి, గోలీ లేనిదాన్ని ఉఫ్‌మని గాలి ఊది పక్కకు తోసేస్తుంది. ఎక్కడైనా తప్పుతుందేమోనని దేవమ్మ రెండు రోజులు దాని పక్కనే కాపలా కాసింది. అది తప్పలేదు. మూడోరోజు సూపర్‌వైజర్ శ్రీశైలం వచ్చి నసిగాడు.

"అక్కా, ఇగ నువ్వు లోడింగ్ దిక్కు పోవాలె. అట్టపెట్టెల కాడికి."

"పెట్టెలు మోయనీకె నాకు కండ్లెందుకు తమ్మీ?"

శ్రీశైలం మిషన్ వైపు చెయ్యి చూపించాడు. పాపం, అతను మాత్రం ఏం చేస్తాడు.

ఆ సాయంత్రం బొల్లారంలో ఎక్కిన షేర్ ఆటోలో డ్రైవర్ సీటు వెనక ఒక కాగితం అంటించి ఉంది. గుడ్డు వాడని కేకులు, పేస్ట్రీల తయారీలో నాలుగు నెలల శిక్షణ, పటేల్‌గూడ. దేవమ్మ దాన్ని మూడుసార్లు చదివింది. నాలుగోసారి చదివేలోపు దిగాల్సిన చోటు దాటిపోయింది. మర్నాడు కంపెనీకి పోయి నాలుగు నెలలు జీతం లేని సెలవు రాసిచ్చింది.

"నాలుగు నెలలైనంక ఒక్క దినం ఆలస్యమైనా నీ పేరు కొట్టేస్తరక్కా," అన్నాడు శ్రీశైలం. "టైముకు వస్తే పేరుంటది. గనీ పని మాత్రం పెట్టెల కాడనే."

అంటే లెక్క తేలిపోయింది. నాలుగు నెలల్లో పేస్ట్రీ పనిలో కుదురుకోవాలి. లేకపోతే మిగిలిన సర్వీసంతా పెట్టెలు మోస్తూ గడపాలి.

ఇంట్లో ఈ కబురు విని మొదట నవ్వింది అత్త ముత్యమ్మ. ఆమెకు ఇరవై కోళ్ళున్నాయి, వాటి గుడ్లు వాడంతా అమ్ముతుంది.

"ఇంట్ల గింతమంది కోళ్లు తిరుగుతుంటే గుడ్డు లేని కేకు నేర్వనీకె పోతవా పిల్లా? గుడ్డుతోని నేర్చుకోరాదు? నాకు జెర బేరమన్న అయితుండె!"

మొగుడు మొగులయ్య రెండెకరాల రైతు, దేన్నైనా నిదానంగా ఆలోచించే మనిషి. ఆయనకు ఇంకో అనుమానం వచ్చింది.

"గుడ్డు లేకుంటే అది ఎట్ల పొంగుతదే?"

"పెరుగుతోని పొంగుతదంటయ్యా."

"పొంగిన పెరుగు మనం పారవోస్తం గదా!"

"నువ్వు పారవోస్తవ్. నేను నేర్చుకొనొస్త," అని దేవమ్మ బ్యాగు సర్దుకుంది.

శిక్షణ ఇచ్చే నాగవల్లిది పటేల్‌గూడలో రెండంతస్తుల ఇల్లు. వాళ్ళ నాన్న భీమవరం దగ్గర్నుంచి పెద్ద ప్లాంటులో ఉద్యోగానికి వచ్చి ఇక్కడే స్థిరపడ్డాడు. నాగవల్లి నగరంలో పెద్ద హోటల్లో పదేళ్ళు పేస్ట్రీలు చేసి, ఇప్పుడు తన పైఅంతస్తులో ఓవెన్, బీటర్లు పెట్టి నేర్పుతోంది. క్లాసులో పన్నెండుమంది. అందరిలో పెద్ద దేవమ్మే. టీచరమ్మ కంటే కూడా పదకొండేళ్ళు పెద్ద. పక్క బల్ల మీద పనిచేసే రమ్యశ్రీకి ఇరవై ఏళ్ళు, నోరు మూతపడదు.

మొదటి నెల దేవమ్మది. మిగతావాళ్ళకు గోళ్ళు కత్తిరించుకోండి, గాజులు తీయండి, జుట్టు టోపీలో దోపండి అని రోజూ చెప్పాల్సి వచ్చేది. దేవమ్మ మొదటిరోజే టోపీ, మాస్కు, గాజుల్లేని చేతులతో దిగింది. మైదా గ్రాముతో సహా తూచేది. ప్రతి డబ్బా మీదా లోపల ఏముందో, ఏ తారీఖున తెరిచారో రాసి సంతకం పెట్టేది. ఒకరోజు పంచదార డబ్బా మీద సంతకం చూసి నాగవల్లి, "ఇదెవరు పెట్టారు?" అని అడిగి, సంగతి తెలిసి క్లాసంతటినీ పిలిచి చూపించింది.

గుడ్డు లేని కేకులో కిటుకంతా పెరుగుకూ వంటసోడాకూ మధ్య ఉంటుంది. పులిసిన పెరుగులో సోడా పడగానే బుసబుసమని నురగ లేస్తుంది. ఆ నురగే పిండిని లేపుతుంది. అది చల్లారకముందే గిన్నె ఓవెన్లోకి పోవాలి. కబుర్లలో పడి ఆలస్యం చేసినవాళ్ళ కేకు ఇటుకలా దిగుతుంది. రమ్యశ్రీవి అలాంటి ఇటుకలు నాలుగు దిగాయి. దేవమ్మది ఒక్కటి కూడా దిగలేదు. ఒకే ఎత్తు, ఒకే రంగు, పైన పగులన్నది లేదు.

కానీ దేవమ్మకు ఒక లోపముంది. అది ఎవరికీ తెలియదు, లోపమని ఆమెకూ తెలియదు. చేసినదాన్ని ఆమె రుచి చూడదు.

దీనికి కారణం కంపెనీ. ఆమె పనిలో చేరిన తొలి వారంలోనే మొగులమ్మ అనే తోటి కార్మికురాలు ప్లాస్టిక్ కవరు విప్పడానికి వేలు నాలుకకు తగిలించింది. మందులు తయారయ్యే చోట అది పెద్ద తప్పు. మూడు రోజులు గేటు బయటే నిలబెట్టారు. ఆ రోజు నుంచి దేవమ్మ చేతికీ నోటికీ మాటల్లేవు. చివరికి ఇంట్లో పప్పు కూడా కంటితో చూసి దించేస్తుంది. ఆమె చేతి కొలత మంచిది కాబట్టి నడిచిపోయింది. ఎప్పుడైనా ఉప్పు తక్కువైతే మొగులయ్య కలుపుకునేవాడు, ఎక్కువైతే మంచినీళ్ళు తాగేవాడు. ఈ పదిహేనేళ్ళలో దీని మీద ఒక్క మాట రాలేదు. ఇది మొగులయ్య సాధించిన ఘనతల్లో ఒకటి.

ఆరో వారం మామిడిపండ్ల కాలం. నాగవల్లి ఒక పరీక్ష పెట్టింది. కేకు క్లాసులో కాల్చుకుని, క్రీము మాత్రం ఇంట్లో ఎవరికి వాళ్ళు గిలక్కొట్టి, మామిడి ముక్కలతో అలంకరించి మర్నాడు తేవాలి. దేవమ్మ బీటరు వెంట తీసుకుపోయింది. క్రీము గిలక్కొట్టి, గిన్నెలో పెట్టి ఫ్రిజ్‌లో ఉంచింది. ఆ ఫ్రిజ్‌లో పై అరలో ముత్యమ్మ అప్పుడే దంచిన ఎల్లిపాయ కారం ఉంది. ముత్యమ్మ దేనికీ మూత పూర్తిగా పెట్టదు, ఊపిరాడాలంటుంది. క్రీము సంగతి తెలిసినవాళ్ళకు తెలుసు. పక్కన ఏ వాసనుంటే దాన్ని పీల్చుకుని కూర్చుంటుంది.

తెల్లారి దేవమ్మ మాస్కు బిగించి పని మొదలుపెట్టింది. కేకు చుట్టూ పద్దెనిమిది క్రీము గులాబీలు తీర్చింది. మధ్యలో మామిడి ముక్కలను రేకుల్లా పేర్చింది. డబ్బా ఒళ్ళో పెట్టుకుని, మొగులయ్య బండి మీద బొల్లారం దాకా, అక్కడ్నుంచి ఆటోలో ఒక్క గులాబీ కూడా నలగకుండా పటేల్‌గూడ చేర్చింది.

క్లాసు క్లాసంతా నోరెళ్ళబెట్టింది. నాగవల్లి నాలుగు ఫోటోలు తీసింది. తర్వాత ముక్క కోసి నోట్లో పెట్టుకుంది. నమలడం ఆపేసింది.

"దేవమ్మ గారూ, ఇందులో ఏమేం వేశారు?"

"క్రీము, చక్కెర, మామిడిపండు మేడం. గ్రాములతోని రాసి పెట్టిన."

"ఇంకా?"

"ఇంకేం లేదు."

రమ్యశ్రీ ఒక ముక్క లాక్కుని తిని, కళ్ళు పెద్దవి చేసింది. "ఆంటీ, ఇది జొన్నరొట్టెల నంజుకుంటే మస్తుంటది!"

క్లాసంతా ఘొల్లుమంది. నాగవల్లి నవ్వలేదు. "మీరు రుచి చూడలేదా?"

"లేదు మేడం."

"ఈ ఒక్కటేనా?"

"ఏదీ జూడలే."

"ఆరు వారాల నుంచీ?"

"పదిహేనేండ్ల నుంచి," అని దేవమ్మ మొగులమ్మను గేటు బయట నిలబెట్టిన సంగతి చెప్పింది.

నాగవల్లి స్టూలు లాక్కుని కూర్చుంది. "కనీసం వాసనైనా రాలేదా?"

"మాస్కు పెట్టుకున్న గదా మేడం."

టీచరమ్మ మెల్లగా అంది. "కొలతలు పుస్తకంలో కూడా ఉంటాయండీ. గుడ్డు లేని కేకులో పెరుగు రోజుకో పులుపు, పండు రోజుకో తీపి. అది పట్టుకోవాలంటే నాలుక ఒక్కటే సాధనం. వెజ్ పేస్ట్రీ తినేవాళ్ళలో వెల్లుల్లి ముట్టనివాళ్ళు ఎంతమందో తెలుసా? వాళ్ళ ఇంటికి ఈ కేకు వెళ్ళి ఉంటే? మీరు రుచి చూడటం నేర్చుకునేదాకా నేను సర్టిఫికెట్ ఇవ్వను."

దేవమ్మ ఇంటికి పోయి అన్నం తినలేదు. ఎల్లిపాయ కారం గిన్నె వైపు మాత్రం ఒకసారి గుర్రుగా చూసింది.

మర్నాటి నుంచి నాలుకకు చదువు మొదలైంది. నాగవల్లి అయిదు గిన్నెల్లో క్రీము పెట్టింది, ఒక్కోదానిలో ఒక్కో మోతాదు చక్కెర. తక్కువ నుంచి ఎక్కువకు వరసలో పెట్టమంది. దేవమ్మ చెంచా ఎత్తింది. చెంచా గడ్డం దాకా వచ్చి ఆగిపోయింది. అప్పుడు రమ్యశ్రీ వెనక నుంచి వచ్చి మాస్కు కిందికి లాగింది.

"ఆంటీ, ఇక్కడ గేటు లేదు, బయట నిలబెట్టనీకె. నోరు తెరువు!"

దేవమ్మ సూది వేయించుకునేదానిలా కళ్ళు మూసుకుని చెంచా నోట్లో పెట్టుకుంది.

"ఎలా ఉంది?" అడిగింది నాగవల్లి.

"తియ్యగున్నది."

"ఎంత తీపి?"

"మస్తు."

"మస్తు అనేది కొలత కాదు దేవమ్మ గారూ."

ఇంటి దగ్గర ముత్యమ్మ రెండో టీచరయింది. కోడలికి పాఠం చెప్పే అవకాశం ఎన్నేళ్ళకో దొరికింది, వదులుతుందా? పొయ్యి పక్కన పీట వేసుకుని కూర్చునేది. "ఊఁ, నోట్లెవెట్టు. ఏమున్నది, ఏం లేదు, చెప్పు." చెప్పేదాకా గిన్నె దించనిచ్చేది కాదు. పప్పు, పులుసు, రొట్టెపిండి, పచ్చళ్ళు, మొగులయ్య చాయ్, అన్నీ దేవమ్మ నాలుక దాటాకే బయటికి వచ్చేవి.

ఒకరోజు బర్రె దాణా కలిపి వచ్చిన భార్యను చూసి మొగులయ్య ఎగతాళి చేశాడు. "దాణ గూడ రుచి జూసినవాయే?"

"జూసిన," అంది దేవమ్మ చేతులు కడుక్కుంటూ. "ఉప్పు తక్కువైంది. మళ్ళ కలిపిన."

మొగులయ్య బర్రె వైపు చూశాడు. అది తొట్టి నాకేస్తోంది.

మూడో నెల గడిచేసరికి దేవమ్మ నాలుక ఎక్కడికో పోయింది. పెరుగు నిన్న సాయంత్రం తోడేసిందా, ఇవాళ పొద్దున వేసిందా చెప్పేది. కిలో క్రీములో చక్కెర రెండు చెంచాలు తగ్గితే పట్టేది. సోడా చిటికెడు ఎక్కువైతే నాలుక చివర చురుక్కుమంటుందని క్లాసుకు తనే చెప్పింది. ఏలకుల పొడి పాతదైతే ముక్కుతో కాదు, గొంతులో తెలుస్తుందట. అది నాగవల్లి కూడా రాసుకుంది. ఒకప్పుడు మాటల్లేని చేతికీ నోటికీ ఇప్పుడు రాకపోకలు మరీ ఎక్కువయ్యాయి. ఏ గిన్నె కనిపించినా దేవమ్మ వేలు దానంతట అదే పోయి వచ్చేది.

పని వెతుక్కోవడానికి వీలుగా నాగవల్లి సర్టిఫికెట్ కాస్త ముందే ఇచ్చేసింది. పన్నెండుమందిలో మొదటి పేరు దేవమ్మదే. కానీ సెలవు ఇంకా పది రోజులే ఉంది, కాగితం పెట్టుకుంటే పని దొరికినట్టు కాదు. ఒక బేకరీవాళ్ళు చిన్న వయసువాళ్ళు కావాలన్నారు. ఇంకో బేకరీలో గుడ్డు లేని పని వారానికి ఒక్కరోజే అన్నారు. శ్రీశైలం ఫోన్ చేసి, "అక్కా, ఇగ వస్తున్నవా? పెట్టెలు మస్తు జమైనయ్," అన్నాడు. అతను మంచికే అన్నాడు గానీ, దేవమ్మకు ఆ పెట్టెలన్నీ గుండె మీద పేర్చినట్టయింది.

సెలవు అయిపోవడానికి నాలుగు రోజుల ముందు నాగవల్లి ఒక కబురు చెప్పింది. పటాన్‌చెరులో పూర్తిగా వెజ్ బేకరీ ఒకటి తెరుస్తున్నారు. పేస్ట్రీ మాస్టర్ కావాలి. మర్నాడే పోటీ పెట్టి తీసుకుంటారు.

పోటీకి ముగ్గురొచ్చారు. దేవమ్మ, రమ్యశ్రీ, మూడో మనిషి ప్రవీణ్‌కుమార్. అతను కంది ఊరి వైపు ఒక క్యాంటీన్‌లో ఆరేళ్ళు కేకులు చేశాడు, పొడుగు టోపీ సొంతంగా తెచ్చుకున్నాడు. బేకరీ యజమాని శివరామకృష్ణ ముగ్గురికీ సమానంగా సరుకు తూచి ఇచ్చాడు, పెరుగు మాత్రం ఫ్రిజ్‌లోంచి తీసుకోమన్నాడు. కిలో కేకు, ఏలకుల క్రీము, పైన పండ్లు. మూడు గంటల టైము. సరుకు అయిపోతే మళ్ళీ ఇవ్వరు.

పని మొదలుపెట్టబోతుంటే అతని తల్లి వెంకటరమణమ్మ వచ్చింది. డెబ్భై దాటిన మనిషి. నుదుట పెద్ద బొట్టు, మాట ఖరాఖండిగా ఉంటుంది.

"చూడండమ్మా, నువ్వు కూడా బాబూ. ఈ కొట్లో పొద్దున చేసిన మొదటి కేకు స్వామికి నైవేద్యం పెట్టాకే బేరం మొదలవుతుంది. ఇవాళ్టి మొదటి కేకు మీ ముగ్గుర్లో ఒకరిదే. అందుకని ఎవరూ రుచి చూడకండి. ఎంగిలి పనికిరాదు."

ముగ్గురూ తలూపారు. దేవమ్మకైతే లోపల సంబరంగా కూడా అనిపించింది. రుచి చూడకుండా పనిచేయడంలో ఈ తాలూకాలో తనను మించినవాళ్ళెవరు?

పెరుగులో సోడా పడింది, నురగ లేచింది, చల్లారకముందే గిన్నె ఓవెన్లోకి పోయింది. నలభై నిమిషాలకు కేకు బయటికి వచ్చింది. ఎత్తు, రంగు అన్నీ సరిగ్గా ఉన్నాయి. అది ఆరేలోపు దేవమ్మ మూడొంతుల క్రీము గిలక్కొట్టి, ఏలకుల పొడి వేసి, ఇంకోసారి తిప్పింది. బీటరు ఆపింది. వేలు పోయింది, వచ్చింది.

ఏలకులు జెర ఎక్కువైనయ్ అని నాలుక చెప్పింది. ఆ మాట విన్నాకే దేవమ్మకు ముసలమ్మ మాట గుర్తొచ్చింది. వేలు ఇంకా పెదవుల మధ్యే ఉంది.

చుట్టూ చూసింది. శివరామకృష్ణ ఫోన్లో ఉన్నాడు. వెంకటరమణమ్మ ముందు గదిలో ఉంది. చూసింది రమ్యశ్రీ ఒక్కతే. ఆమె దగ్గరికొచ్చి గుసగుసలాడింది.

"ఏం గాదు ఆంటీ. నేను గూడ ఫ్రిజ్ తలుపు చాటుకు పోయి చూసిన. నువ్వు చల్లగుండు."

చల్లగా ఎలా ఉంటుంది? ఆ గిన్నెలో క్రీము తెల్లగా, మెత్తగా, ఏ తప్పూ తెలియనట్టు ఉంది. దేవమ్మ దాని వైపు చూస్తే అది తిరిగి ఆమె వైపు చూస్తున్నట్టుంది. కంపెనీలో కింద పడిన గోలీ ఎంత శుభ్రంగా కనబడినా ఎర్ర డబ్బాలోకే పోవాలి. పదిహేనేళ్ళలో వేల గోలీలు అలా వేసిన చెయ్యి ఇది. కానీ ఈ క్రీము పోతే మిగిలేది పావువంతు. అది కేకు మొత్తం పూయడానికి చాలదు. పూయకపోతే పని రాదు. పని రాకపోతే మూడు రోజుల్లో పెట్టెలు.

దేవమ్మ చేతులు సబ్బుతో కడుక్కుంది. గిన్నె తీసి పక్క బల్ల మీద పెట్టి, కాగితం ముక్క మీద రాసి అంటించింది. "పక్కకు పెట్టిన బ్యాచ్. కారణం: వేలు నోట్లో పెట్టుకున్న. దేవమ్మ, పదకొండు ఇరవై." పెన్ను మూత పెట్టి, మిగిలిన పావువంతు క్రీము ఇంకో గిన్నెలో వేసింది. ఈసారి ఏలకులు తగ్గించింది. నాలుక అంతకుముందే చెప్పిన మాట విననట్టు నటించడం ఆమె వల్ల కాలేదు.

టైము అయిపోయేసరికి బల్ల మీద మూడు కేకులున్నాయి. ప్రవీణ్‌కుమార్‌ది రాజుగారి కోటలా ఉంది. రమ్యశ్రీది పెళ్ళికూతురులా ఉంది. దేవమ్మ కేకుకు పైన మాత్రమే క్రీము, చుట్టూ పక్కలు బోసిగా, చొక్కా వేసుకుని పంచె మరిచిన మనిషిలా ఉంది.

శివరామకృష్ణ నొసలు ముడిచాడు. "పక్కలకు క్రీమేదండీ?"

"సరిపోలేదు సార్."

"అందరికీ సమానంగానే ఇచ్చాం కదా?"

ఈలోపు వెంకటరమణమ్మ పక్క బల్ల మీది కాగితం కళ్ళద్దాలు సర్దుకుని చదివింది. ఒకసారి చదివి, మళ్ళీ మొదటి నుంచి చదివింది.

"ఇది నువ్వు రాసిందేనా అమ్మా?"

"నేనే అమ్మా. మరిచిపోయి నోట్లె పెట్టుకున్న."

"ఎవరైనా చూశారా?"

దేవమ్మ రమ్యశ్రీ వైపు చూడకుండా, "పెద్దోళ్ళెవ్వరు జూడలే," అంది.

"మరి చెప్పకుండా పూసేసి ఉంటే?"

"పూసుంటే మీ స్వామి ఏమంటుండెనో నాకు తెల్వదమ్మా. నాకైతే అన్నం సయించకపోతుండె."

వెంకటరమణమ్మ మిగతా ఇద్దరి వైపు తిరిగింది. అంతే, రమ్యశ్రీ ఆగలేకపోయింది. "నేను చెంచాతో చూసిన అమ్మమ్మా, వేలుతో కాదు!"

ప్రవీణ్‌కుమార్ టోపీ సర్దుకున్నాడు. "మాస్టరన్నోడు రుచి చూడకుంటే ఎట్లమ్మా? నేను మూడుసార్లు చూసిన."

ముసలమ్మ బుగ్గలు నొక్కుకుంది. తర్వాత బోసి పక్కల కేకును రెండు చేతులతో ఎత్తి, వెనక గదిలో స్వామి పటం ముందుకు తీసుకుపోయింది. గంట మోగింది.

శివరామకృష్ణ తలపట్టుకున్నాడు. తల్లి తిరిగి రాగానే, "అమ్మా, నిజాయితీకి దణ్ణం పెడతాను. కానీ బేకరీ నడవాలంటే పని రావాలి కదా?" అన్నాడు.

"తిని చూడరా మరి. ఇప్పుడు అది ప్రసాదం."

అతను ఒక ముక్క తిన్నాడు. ఇంకో ముక్క తిన్నాడు. మూడోది తీసుకుంటూ ఏదో ఆలోచన వచ్చినట్టు, మిగతా రెండు కేకుల నుంచి చెరో ముక్క కోసి దేవమ్మ ముందు పెట్టాడు.

"ఇప్పుడు రుచి చూడొచ్చు. వీటిలో ఏముందో చెప్పండి."

దేవమ్మ మొదట ప్రవీణ్‌కుమార్ కేకు తింది. "సోడ చిటికెడు ఎక్కువైంది. నాలుక మీద చురుకుమంటున్నది." నీళ్ళు తాగి రమ్యశ్రీ కేకు తింది. "చక్కెర మంచిగుంది. గనీ పెరుగు ఇయ్యాల పొద్దుగాల తోడువెట్టింది. పులుపు చాలక కేకు కింద జెర ముద్దయింది. ఈ పెరుగు రాత్రిది దొరికుంటే ఇది నాదానికంటే మంచిగయితుండె."

ప్రవీణ్‌కుమార్ తన సోడా చెంచాను తిప్పి తిప్పి చూసుకున్నాడు. శివరామకృష్ణ ఫ్రిజ్ తెరిచాడు. రెండు పెరుగు గిన్నెలున్నాయి, ఒకటి నిన్నటిది, ఒకటి ఇవాళ్టిది. రమ్యశ్రీ ఏది తీసుకుందో చూపించింది. ఇవాళ్టిదే.

"ఆంటీ, ముందే చెప్పరాదా!" అంది రమ్యశ్రీ.

"పోటీల చెప్తరా పిల్లా?"

శివరామకృష్ణ నవ్వాపుకుంటూ కుర్చీలో కూర్చున్నాడు. పేస్ట్రీ మాస్టర్ పని దేవమ్మకు, ఆమె కింద అసిస్టెంటు పని రమ్యశ్రీకి ఇస్తానన్నాడు. పొద్దున మొదటి కేకు రుచి చూడకుండా చేయాలి. ఆ తర్వాత బయటికి వెళ్ళే ప్రతి బ్యాచూ రుచి చూసే పంపాలి. రెండూ ఒకే మనిషి చేయగలగాలి. ప్రవీణ్‌కుమార్ మర్యాదస్థుడు. దేవమ్మకు చెయ్యి కలిపి, తన కేకు తానే డబ్బాలో సర్దుకుని వెళ్ళిపోయాడు.

"అయిదింటికల్లా రావాలి మరి," అన్నాడు శివరామకృష్ణ.

దేవమ్మ కళ్ళ ముందు గుమ్మడిదల, బొల్లారం, ఆటో, బస్సు అన్నీ వరసగా తిరిగాయి. కంపెనీలో పదిహేనేళ్ళు ఏ షిఫ్టు వేస్తే ఆ షిఫ్టుకు పోయింది, ఒక్కసారీ బేరమాడలేదు. ఇవాళ నోటికి ధైర్యం వచ్చింది.

"అయిదింటికి నేను రాలేను సార్. ఏడింటికొస్త. ఏడు దాటదు."

"మొదటి కేకే ఏడు తర్వాతంటే ఇక స్వామికి నైవేద్యం ఎప్పుడు, బేరం ఎప్పుడు?"

"స్వామికేం తొందర లేదురా," అంది వెంకటరమణమ్మ. "తొందరంతా నీకే. నువ్వు ఏడింటికి రా అమ్మా."

దేవమ్మ బయటికి వచ్చి, బండ్ల మోతకు ఒక చెవి మూసుకుని ఫోన్ చేసింది.

"తమ్మీ శ్రీశైలం, నా పేరు కొట్టెయ్యి."

"ఏమైందక్కా? ఇంక మూడు దినాలున్నది గదా!"

"ముందైతే కొట్టెయ్యి. ఎందుకో మళ్ళ చెప్త. ఇంటోళ్ళకు ఫోన్ చెయ్యాలె, అత్తమ్మ కాసుకొని కూసున్నది."